బావినీరు – వాననీరు

మన ప్రాంతమున కొన్ని బావుల నీట కందిపప్పు ఎంతసేపు పొయ్యిమీద నుంచినను మెత్తబడదని తల్లులందరు ఎరుగుదురు. అదే పప్పును పట్టి యుంచిన వాననీట వేసినచో త్వరలోనే ఉడుకును. ఆ బావినీటనే బట్టలుదికిన సబ్బు అరుగును గాని నురుగు రాదు. నీళ్ళు కాచెడి పాత్ర అడుగున నెల తిరుగకమునుపే తెల్లని పొర కట్టును. బావినీరును నీరే, వాననీరును నీరే. రెండును దాహము తీర్చునవే. మరి ఒకదానికి గల గుణము రెండవదాని కేల లేకపోయెను?

ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకబూనినచో నీటి స్వభావమును, దాని ప్రయాణమును రెండింటిని తెలిసికొనవలసి వచ్చును. పాఠ్యపుస్తకములో జలచక్రమునకు ఒక బొమ్మయు, అందు నాలుగు బాణపు గుర్తులును ఉండును. ఆ బొమ్మలోని సముద్రమేది, కొండ యేది, ఏరు ఏది యని యడిగిన పిల్లలు తెల్లబోవుదురు. ఆ బొమ్మను గడ్‌చాందూరునకు తెచ్చి చూపవలెనని మేము ఈ వ్యాసమున సంకల్పించితిమి.

మన పూర్వులు నీటిని పంచభూతములలో ఒకటిగా నెంచిరి. ఐరోపా ఖండమున కూడ పదునెనిమిదవ శతాబ్దము వరకు నీరు విడదీయరాని మూలపదార్థమనియే పండితులు నమ్మిరి. ఇంగ్లండు దేశమున హెన్రీ కావెండిష్ అను శాస్త్రజ్ఞుడు 1781 ప్రాంతమున ఉదజని వాయువును, అనగా హైడ్రోజనును, మండించి చూడగా నీరు ఏర్పడెను. మండుటవలన నీరు పుట్టుట ఆ కాలమువారికి మిక్కిలి వింతగా తోచెను. ఫ్రాన్సు దేశీయుడగు లవోయిజే 1783లో దాని అర్థమును విప్పి, నీరు ఉదజని, ఆమ్లజని అను రెండు వాయువుల సంయోగమని స్థాపించెను. 1800లో నికల్సన్, కార్లైల్ అనువారు నీటిలోనికి విద్యుత్తును పంపి, దానిని తిరిగి ఆ రెండు వాయువులుగా విడగొట్టిరి. 9 గ్రాముల నీటిలో 1 గ్రాము ఉదజనియు, 8 గ్రాములు ఆమ్లజనియు ఉండును.

నీటి అణువులో రెండు ఉదజని పరమాణువులు, ఒక ఆమ్లజని పరమాణువు కలవు. ఈ మూడును ఒక సరళరేఖలో నిలువక, మధ్యనున్న ఆమ్లజని వద్ద వంగి యుండును. అందుచే అణువునకు ఒక ప్రక్క స్వల్పముగ ఋణవిద్యుత్తును, రెండవ ప్రక్క స్వల్పముగ ధనవిద్యుత్తును ఏర్పడినవి. ఒక అణువు యొక్క ధనభాగము పొరుగు అణువు యొక్క ఋణభాగమును పట్టుకొనును. నీటి గుణములలో ముఖ్యమైనవన్నియు ఈ పట్టునుండి వచ్చినవే. తామరాకుపై నీటిబొట్టు గుండ్రముగ నిలుచుటయు, దీపపువత్తిని నూనె ప్రాకినట్లే గుడ్డకొనను పట్టి నీరు పైకి ప్రాకుటయు దీనివలననే. అయినను మన ప్రశ్నకు కావలసినవి రెండే గుణములు. ఒకటి, నీరు తాను తాకిన వస్తువులను కరగించుకొనుట. రెండవది, ఆవిరి యగుటకు అమితమైన వేడిని కోరుట.

మొదట కరగించు గుణమును చూతము. ఉప్పుగల్లు నీట పడినచో నీటి అణువులు నలువైపుల చేరి, అందలి ఋణ ధన భాగములను వేరుచేసి, ఒక్కొక్క దానిని చుట్టుముట్టి తీసికొనిపోవును. చక్కెర, చవుడు, ఎరువులు, గాలిలోని వాయువులు, ఇవన్నియు నీట కరగును. ఇంతటి ద్రావణి మరియొకటి లేదు. కావుననే ప్రకృతిలో కేవల శుద్ధజలము దొరకుట దుర్లభము. ఆకాశమునుండి రాలుచున్నప్పుడే వానచినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరగించుకొనును. నేలలోనికి ఇంకిన తరువాత వేళ్ళును, మట్టిలోని సూక్ష్మజీవులును విడిచెడి అదే వాయువు దాని కింకను అధికముగ లభించును. ఈ వాయువు కరగిన నీరు మిక్కిలి బలహీనమైన ఆమ్లము. అంగడిలో అమ్మెడి సోడానీరు ఇట్టిదే, కాకున్న దానియందు వాయువు అధికము.

ఇక గడ్‌చాందూరు నేలను చూడుడు. ఇచ్చటి భూమిలో సున్నపురాయి పొరలు విస్తారముగ నున్నవి. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ రాతిని పెన్‌గంగ సున్నపురాయి అని పేర్కొందురు. అది ఆదిలాబాదు వైపునను, చంద్రపూర్ వైపునను కనబడును. మన చుట్టుప్రక్కల సిమెంటు కార్ఖానాలు వెలసినది దీని కొరకే. శుద్ధమైన నీరు సున్నపురాయిని దాదాపుగ కరగింపలేదు. బొగ్గుపులుసు వాయువు కలిసిన నీరు మాత్రము దానిని మెల్లమెల్లగా తినివేసి, కాల్షియం బైకార్బొనేటు అను కరగెడి లవణముగ మార్చుకొని బావిలోనికి చేర్చును. ఆ నీరు కంటికి తేటగనే యుండును. చేదితో తోడి ఎత్తి చూచినను అందు రాయి కరగియున్నదని ఎవరును చెప్పజాలరు.

ఇప్పుడు పప్పు సంగతి తేటపడును. పప్పుగింజలోని కణములను ఒకదానితో నొకటి అతికించి యుంచెడి జిగురుపదార్థము ఒకటి కలదు. ఉడుకునప్పుడు అది కరగి, గింజ విచ్చి మెత్తబడవలెను. బావినీటిలోని కాల్షియం ఆ జిగురుతో కలిసి దానిని మరింత గట్టిపరచును. అందుచే గింజ విచ్చుకొనదు. తల్లులు చిటికెడు వంటసోడా వేయుట ఈ కారణముచేతనే, కాని సోడా అధికమైనచో రుచియు, కొన్ని పోషకపదార్థములును చెడును. సబ్బు విషయమున కాల్షియం చేయు పని మరియొక విధముగా నుండును. అది సబ్బుతో కలిసి, కరగని తెల్లని మడ్డిగా మారును. నీటిలోని కాల్షియమంతయు మడ్డిగా మారిన పిమ్మటనే నురుగు పుట్టును. అంతవరకు అరిగిన సబ్బు వ్యర్థమే. ఇక పాత్రలోని తెల్లని పొర యన నేమి? నీరు కాగినప్పుడు బొగ్గుపులుసు వాయువు లేచిపోవును. అది పోవగనే కరగెడి లవణము తిరిగి కరగని సున్నపురాయిగా మారి అడుగున పేరుకొనును. అనగా మన వంటపాత్ర అడుగున నున్నది మాణిక్‌గఢ్ కొండల చెంత నేలలోని రాయియే. నేలలోనుండి బావిలోనికి, బావిలోనుండి పొయ్యిమీదికి నీరు దానిని మోసికొనివచ్చినది.

ఇట్టి నీటిని శాస్త్రములో కఠినజలమందురు. కాచుటవలన పోవు కాఠిన్యము తాత్కాలికము. కాల్షియం, మెగ్నీషియముల సల్ఫేటులు, క్లోరైడులు కరగియున్నచో కాచినను పోదు, అది శాశ్వత కాఠిన్యము. బట్టల సోడా కలిపిన రెండును తగ్గును. మరాఠీలో దీనికి ‘దుష్ఫేన’ జలమని పేరు, మృదుజలము ‘సుఫేన’. ఫేనమనగా నురుగు. మా అభిప్రాయమున ఈ మరాఠీ మాట మన మాటకంటె మేలైనది. కఠినమన్న నీరు గట్టిగా నుండునేమోయని పిల్లలు భ్రమింతురు, దుష్ఫేనమన్న కంటికి కనబడు గుణమే తెలియును. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు పై తరగతులలో మరాఠీలో చదువవలసి వచ్చినప్పుడు నేర్చినదంతయు వ్యర్థమగునేమోయని కొందరు తలిదండ్రులు శంకింతురు. జలచక్రము మరాఠీలోను జలచక్రమే, బాష్పీభవనము బాష్పీభవనమే. విషయము ఇంటిభాషలో మనసుకు పట్టినచో పేరు మారినంతమాత్రమున అది పోదు.

కఠినజలము త్రాగిన మూత్రపిండములలో రాళ్ళు పుట్టునని మన ప్రాంతమున బహుళముగ చెప్పుకొందురు. కేవలము నీటి కాఠిన్యమే ఆ వ్యాధికి కారణమని నిరూపణ కాలేదు. ఎండలలో చెమట విస్తారముగ పోసి, తగినంత నీరు త్రాగకుండుట అంతకంటె పెద్ద కారణము. నీటి కాఠిన్యమునకు భారత ప్రమాణముల సంస్థ లీటరుకు 200 మిల్లీగ్రాములను మేలైన మితిగా నిర్ణయించి, వేరు ఆధారము లేనిచో 600 వరకు సమ్మతించినది. కాల్షియం ఎముకలకు కావలసిన పదార్థమే. కావున సున్నము కరగిన నీటిని చూచి భయపడ బనిలేదు. భయపడవలసిన దొకటి వేరుగ నున్నది, దానిని ముందు చెప్పుదుము.

మన దేశమున ఆరవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ‘దకార్గళము’ అను అధ్యాయమును భూగర్భజలములకై కేటాయించెను. ఆకాశమునుండి పడునప్పుడు నీటికి ఒకే రంగు, ఒకే రుచి యుండుననియు, భూమి యొక్క భేదమునుబట్టి అది నానా రుచులను, నానా వర్ణములను పొందుననియు ఆయన అందు చెప్పెను. రసాయనశాస్త్రము పుట్టుటకు వేయి సంవత్సరములకు పైగా పూర్వము చెప్పిన ఈ మాట గడ్‌చాందూరు బావినీటికి చక్కగా సరిపోవుచున్నది. అయితే ఆకాశజలమునకు ఆ ఏకరూపత ఎట్లు వచ్చెనో చెప్పుటకు రెండవ గుణమును చూడవలెను.

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కేలరీ వేడి చాలును. 30 డిగ్రీలలోనున్న లీటరు నీటిని 100 డిగ్రీలకు కాచుటకు 70,000 కేలరీలు పట్టును. అంతటితో నీరు మరుగును గాని ఆవిరియై పోదు. ఆ లీటరు నీరంతయు ఆవిరి యగుటకు ఇంకను 5,40,000 కేలరీలు కావలెను. అనగా కాచుటకు పట్టిన వేడికి దాదాపు ఎనిమిది రెట్లు. ఈ వేడి ఉష్ణమాపకమున కనబడదు, కావున దీనిని గుప్తోష్ణమందురు. నీటి అణువులు ఒకదానినొకటి పట్టుకొనియున్నవని పైన చెప్పితిమి గదా, ఆ పట్టు విడిపించుటకు అయిన ఖర్చు ఇది.

నీరు ఆవిరి యగుటకు మరుగవలసిన పనిలేదు. ఎండలో ఆరవేసిన చీర, వేసవిలో అడుగంటిన చెరువు, ఇవి మరుగకయే ఆవిరి యగుచున్నవి. అప్పుడు కావలసిన వేడిని నీరు తన చుట్టునున్న వస్తువులనుండి లాగుకొనును. మట్టి రంజనులోని నీరు చల్లబడుట దీనివలననే. రంజను గోడలోని సన్నని రంధ్రములగుండ చెమ్మ వెలుపలికి వచ్చి ఆవిరి యగుచు, లోపలి నీటి వేడిని తీసికొనిపోవును. ఇత్తడి బిందెకు ఆ రంధ్రములు లేవు. చంద్రపూర్ జిల్లాలో మే మాసమున ఎండ 45 డిగ్రీలు దాటుట సామాన్యము. ఆ దినములలో గడ్డి తడికెల కూలరు ఇంటిని హాయిగా చల్లబరచును. అదే కూలరు జూలై మాసమున తిరిగినను ఉక్కపోయునే గాని చల్లదనముండదు. యంత్రము చెడెనని కొందరు దానిని బాగుచేయించబోవుదురు. చెడినది యంత్రము కాదు. వానకాలపు గాలి ఇదివరకే ఆవిరితో నిండియున్నది, కావున తడికెలలోని నీరు ఆవిరి కాజాలదు, ఆవిరి కానిచో వేడి పోదు.

ఇప్పుడు మన ప్రశ్నకు అతి ముఖ్యమైన సంగతి వచ్చినది. నీరు ఆవిరియై లేచునప్పుడు తాను కరగించుకొన్న లవణములను వెంట తీసికొనిపోదు. ఉప్పుగాని, సున్నముగాని అక్కడనే మిగిలిపోవును. సముద్రపు నీటిలో కిలోగ్రామునకు సుమారు 35 గ్రాముల లవణములు కలవు. అట్టి ఉప్పునీటినుండి లేచిన ఆవిరి మాత్రము ఉప్పులేనిది. భూమిమీది నీటిని 100 లీటర్లుగా భావించినచో అందు 97 లీటర్లు సముద్రపు ఉప్పునీరే. మిగిలిన దానిలో రెండు లీటర్లు ధ్రువప్రాంతములలోను, ఎత్తయిన పర్వతములపైనను మంచుగా గడ్డకట్టియున్నవి. భూగర్భమున నున్న మంచినీరు లీటరునకు తక్కువ. నదులలోను, మంచినీటి సరస్సులలోను ఉన్నది ఒకటి రెండు చెంచాలు మాత్రమే. ఆ చెంచాడు నీరు ఎండిపోకుండ ఉండుటకు కారణము, సూర్యుని వేడి సముద్రమునుండి నిరంతరము మంచినీటిని ఎత్తిపోయుచుండుటయే.

గాలిలో ఒక సమయమున ఉన్న ఆవిరి అంత ఎక్కువేమియు కాదు. అదంతయు ఒక్కసారి కురిసినచో భూమి యంతట రెండున్నర సెంటీమీటర్ల నీరు నిలుచును. లేచిన ఆవిరి సగటున తొమ్మిది పది దినములలోనే తిరిగి క్రిందికి వచ్చును. ఆవిరి పైకి పోయినకొలది చల్లబడి, గాలిలోని సన్నని ధూళికణములను ఆధారము చేసికొని బిందువులుగ మారును. చల్లని నీరుపోసిన లోటా వెలుపల చెమ్మ పట్టుట ఈ సాంద్రీకరణమునకు చిన్న ఉదాహరణము. ఆ బిందువుల గుంపే మేఘము. జూన్ మధ్యభాగమున నైరృతి ఋతుపవనములు విదర్భకు చేరును. పిమ్మట బంగాళాఖాతమున పుట్టిన అల్పపీడనములు వాయవ్యదిశగా భూమిమీదికి వచ్చినప్పుడు మనకు ముసురు పట్టును. అనగా గడ్‌చాందూరులో కురియు వాన కొంత భాగము ఆంధ్ర, ఒడిశా తీరములకు ఆవలనున్న సముద్రమునుండి వచ్చినదే. చంద్రపూర్ జిల్లాలో సంవత్సరమునకు సగటున వేయి మిల్లీమీటర్లకు మించి వర్షము కురియును. ఒక చదరపు మీటరు స్థలముపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన అది సరిగా ఒక లీటరగును. ఆ లెక్కన 50 చదరపు మీటర్ల ఇంటికప్పుపై ఏటేట 50,000 లీటర్లకు పైగా మృదుజలము పడుచున్నది. అందు మనము పట్టుకొనునది ఎంత యన్నది ప్రతి కుటుంబము తానే లెక్కవేసికొనవచ్చును.

నదులకు నీరు ఎక్కడినుండి వచ్చుచున్నది? వాననుండి యని నేడు చిన్నపిల్లలును చెప్పుదురు. కాని ఈ మాట చిరకాలము వివాదగ్రస్తముగ నుండెను. సముద్రపు నీరు భూమిలోని సొరంగముల ద్వారా కొండలకు ఎగబ్రాకి ఊటలుగ వచ్చుచున్నదని ఐరోపాలో పలువురు పండితులు తలచిరి. 1674లో పియర్ పెర్రో అను ఫ్రెంచి దేశీయుడు సేన్ నది పుట్టుకప్రాంతమున కురిసిన వానను, నదిలో పారిన నీటిని లెక్కించి, నదికంటె వాన సుమారు ఆరు రెట్లు అధికమని చూపెను. అంతటితో సొరంగములు అక్కరలేకపోయెను. వానకొలతతో, గుణకారముతో తేలిన వివాదమిది. ఏడవ తరగతి విద్యార్థి చేయదగిన గణితమే.

పడిన వానలో కొంత తిరిగి ఆవిరి యగును, కొంత చెట్లు త్రాగి ఆకులద్వారా గాలిలోనికి విడుచును, కొంత పారిపోవును, కొంత ఇంకును. మన ప్రత్తి చేలలోని నల్లరేగడి వేసవిలో నోరు తెరచినట్లు పగుళ్ళు వారును. తొలివానల నీరు ఆ పగుళ్ళలోనికి చొరబారును. మట్టి తడిసి ఉబ్బగనే పగుళ్ళు మూసికొని నీరు నిలిచిపోవును. ఆ పిమ్మట రేగడి ఒక నీటిచుక్కనైన సులభముగ క్రిందికి పోనియ్యదు. రేగడి క్రింది సున్నపురాయిలో పగుళ్ళును, నీరు తిని చేసిన సందులును ఉన్నవి, నీరు వానిలో చేరి నిలువ యుండును. మన బావులును, బోరింగులును ఆ సందులలోనివే. బండరాతి పొరలో సందు తగిలినచో నీరు పుష్కలము, తగులనిచో ప్రక్కనే త్రవ్వినను ఎండుబావి. ఇద్దరు అన్నదమ్ముల చేలలో ఒకరి బోరు పారి, మరొకరిది ఎండుటకు అదృష్టము కాదు, ఈ సందులే కారణము. ఊరి సమీపమున అమలనాలాపై కట్టిన జలాశయము వంటివి, చిన్న చెరువులును, పారెడి నీటిని ఆపి ఇంకుటకు వ్యవధి నిచ్చుచున్నవి.

పారిపోయిన నీటి దారిని పటముపై వ్రేలుంచి చూచిన ఆశ్చర్యము కలుగును. మన వాగులు నేరుగనో, పెన్‌గంగద్వారానో వార్ధానదిని చేరును. వార్ధా దక్షిణముగ పోయి వైనగంగతో కలియగా రెంటికిని ప్రాణహిత యని పేరు. ప్రాణహిత కాళేశ్వరమువద్ద గోదావరిలో కలియును. గోదావరికి నీరిచ్చు మొత్తము భూభాగములో మూడవవంతు వరకు ఈ ప్రాణహిత పరివాహకమే. అక్కడినుండి భద్రాచలము, పాపికొండలు, రాజమహేంద్రవరము, ధవళేశ్వరము దాటి బంగాళాఖాతము. మన పెరటి చూరునుండి జారిన నీరు తెలుగునాట ఇన్ని ఊళ్ళను చూచి, మేఘముగ లేచిన చోటికే తిరిగి పోవుచున్నది. ఈ ప్రాంతమున రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండెను. రాష్ట్రముల పునర్విభజనచే నాందేడు జిల్లాలో చేరి, 1959లో చంద్రపూర్ జిల్లాకు మారెను. కాగితముపై సరిహద్దు గీత మారినది, వాగు వంపు మారలేదు.

2022 జూలైలో విదర్భయందును, ఉత్తర తెలంగాణయందును ఎడతెగని వానలు కురిసినవి. వార్ధా పొంగి మన జిల్లాలో ఊళ్ళను ముంచెత్తెను. జూలై 16వ తేదీన భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు చేరెను. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగులకు తరువాత అంతటి మట్టము అక్కడ నమోదు కాలేదు. ఇచ్చటి వాన అచ్చటి వరద యైనది. ఇచ్చట మనము వాగులో పారవేసినదియు అట్లే అచ్చటివారి మంచినీటిలోనికి పోవుచున్నది.

నీటికి గల మరియొక వింతగుణమును త్వరగా చెప్పి ముగింతుము, ఏలన మన వేడిప్రాంతమున దాని అవసరము స్వల్పము. వస్తువులు చల్లబడినకొలది కుంచించుకొనుట ప్రకృతి. నీరు 4 డిగ్రీల వరకు అట్లే కుంచించి, ఆపై చల్లబడిన వ్యాకోచించును. గడ్డకట్టునప్పుడు దాని పరిమాణము నూటికి తొమ్మిది వంతులు పెరుగును. కావున మంచుగడ్డ నీటిపై తేలును. శీతలదేశముల సరస్సులు పైన గడ్డకట్టినను అడుగున చేపలు బ్రతుకుట ఇందువలననే. ఫ్రిజ్జిలోని మంచుపెట్టెయందు నిండుగ నీరుపోసిన సీసానుంచినచో పగులుటయు ఇందువలననే.

సిమెంటు కార్ఖానాలున్న ఊరిలో నీటిని గూర్చి వ్రాయుచు సిమెంటును విడువరాదు. సున్నపురాయిని బంకమట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల వరకు కాల్చుదురు. అప్పుడు రాతిలో బంధింపబడియున్న బొగ్గుపులుసు వాయువు వెలువడును. మిగిలిన గడ్డలను కొద్ది జిప్సముతో పొడిచేసిన సిమెంటగును. దానికి నీరు కలిపినప్పుడు గట్టిపడుటను ఎండుట యని చాలమంది తలంతురు. అది పొరపాటు. నీరు సిమెంటుతో రసాయనికముగ కలిసి క్రొత్త స్ఫటికములుగ మారుచున్నది. ఆ కలయికకు కాలము పట్టును, అంతవరకు తడి యుండవలెను. అందుకే మేస్త్రీలు కనీసము ఏడు దినములు స్లాబునకు నీళ్ళు పట్టుదురు. ఎండలో నీళ్ళు పట్టనిచో సిమెంటు ఎండును గాని గట్టిపడదు. నీటిలో మునిగియున్న వంతెన కాళ్ళు గట్టిపడుచున్నవన్న ఎండుట దానికి కారణము కాదని వేరుగ చెప్పనక్కరలేదు. మన ఇంటి గోడలలో ఎన్నడో పోసిన నీరు కొంత నేటికిని రాయియై నిలిచియున్నది.

ఇక భయపడవలసిన దొకటి యున్నదని చెప్పితిమి. నీరు మంచి చెడ్డల నెంచి కరగించుకొనదు. భూమిలోని కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడును కూడ అది కరగించుకొనును. చంద్రపూర్ జిల్లాలో కొన్ని గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు మితికి మించియున్నట్లు పరీక్షలలో తేలినది. లీటరుకు ఒక మిల్లీగ్రాము మేలైన మితి, ఒకటిన్నర మించరాదు. దీనికి రంగులేదు, వాసనలేదు, రుచిలేదు. పాత్రలో పొరకట్టదు, పప్పును చెరుపదు, సబ్బును తినదు. పళ్ళు రూపొందుచున్న పసితనమున అధికముగ త్రాగినచో పండ్లపై పసుపు, గోధుమరంగు గారలు శాశ్వతముగ నిలుచును. ఏండ్లతరబడి త్రాగిన ఎముకలు, కీళ్ళు బిగిసికొనిపోవును.

కాచిన నీరు సర్వవిధముల సురక్షితమని మన ఇండ్లలో గట్టి నమ్మకము కలదు. కాచుటవలన విరేచనములు, కామెర్లు మొదలగు వ్యాధులను కలిగించు సూక్ష్మజీవులు నశించును, వానకాలమున తప్పక కాచవలసినదే. కాని పైన చెప్పిన సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పోవునది ఆవిరి మాత్రమే, లవణము మిగిలిపోవును. ఫ్లోరైడుగల నీటిని కాచినచో నీరు తగ్గి, ఫ్లోరైడు మిగిలిన నీటిలో మరింత చిక్కబడును. గుడ్డలో వడగట్టినను, మామూలు క్యాండిల్ ఫిల్టరులో పోసినను అది పోదు.

నల్లగొండ జిల్లావారు ఈ బాధను దీర్ఘకాలము అనుభవించిరి. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 దశకమున ఒక సులభోపాయమును రూపొందించిరి. నీటిలో తగుపాళ్ళలో సున్నము, పటిక, బ్లీచింగు పొడి కలిపి త్రిప్పి, తేరనిచ్చినచో ఫ్లోరైడు చాలవరకు మడ్డితో కలిసి అడుగునకు దిగును. విదర్భలో పుట్టి తెలుగుజిల్లాలో మొదట ఆచరణకు వచ్చిన ఈ ఉపాయమునకు ‘నల్లగొండ పద్ధతి’ యని ప్రపంచమంతట పేరు వచ్చినది. అయితే పాళ్ళు నీటినిబట్టి మారును. పటిక మితిమీరిన అదియు హానికరమే. కావున పరీక్ష చేయింపక ఇంట స్వయముగ ప్రయత్నింపరాదు. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామములకు నీటిపరీక్ష పెట్టెలు ఇచ్చి, గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు వాని వాడుక నేర్పు ఏర్పాటు కలదు. తమ బోరునీటిని పరీక్షించిరా, ఫలితమేమి వచ్చెనని తలిదండ్రులు గ్రామపంచాయతిలో అడిగి తెలిసికొనవచ్చును. ఇంట త్రాగుటకు, వంటకు నుపయోగించు నీటిని గూర్చి యడిగిన చాలును, బట్టలుదుకు నీటిని గూర్చి కాదు.

ఫ్లోరైడును ఇంట కనుగొనలేము గాని, నీటిలో ఏదో కరగియున్నదని కంటితో చూచుటకు ఒక ప్రయోగము కలదు. వాన పడుట ఆరంభించిన అరగంటకు, గాలిలోని దుమ్మును, కప్పుమీది మురికియు కడుగుకొనిపోయిన పిమ్మట, ఆకాశము క్రింద శుభ్రమైన గిన్నె నుంచి వాననీరు పట్టవలెను. ఒకేతీరు రెండు స్టీలు పళ్ళెములు తీసికొని ఒకదానిలో ఐదు చెంచాల వాననీరు, రెండవదానిలో ఐదు చెంచాల బావినీరు పోసి, ధూళి పడనిచోట కదలింపక ఉంచవలెను. నీరు పూర్తిగ ఆరిన తరువాత పళ్ళెములను వెలుతురుకు వంచి చూడవలెను. అటుపై రెండు సీసాలలో సమానముగ రెండు నీళ్ళును పోసి, ఒక్కొక్కదానిలో పది చుక్కల సబ్బునీరు వేసి, సమానముగ కుదిపి, నురుగు ఎన్ని వ్రేళ్ళ ఎత్తు లేచినదో కొలువవలెను. నల్లానీటితోను, బోరింగునీటితోను, అమ్మమ్మగారి ఊరి నీటితోను ఇట్లే చేసి, ఏ నీరు, ఎంత లోతునుండి వచ్చినది, పళ్ళెములో ఎంత మిగిలినది, నురుగు ఎంత లేచినది యను నాలుగు సంగతులను పట్టికగ వ్రాసి సైన్సు ఉపాధ్యాయులకు ఇయ్యవలెను. వచ్చిన పట్టికలను రాబోవు సంచికలో ఊళ్ళవారీగ ప్రకటింతుము.